ఇరుసులో తోలుబిళ్ళ

ఎందుకు రాస్తున్నానంటే

నలభై రెండేళ్ళు బళ్ళు కట్టాను. రాజమహేంద్రవరంలో కోరుకొండ దారి మొదట్లో మా దుకాణం. ధాన్యం మోసే బళ్ళు మేం కట్టం, వాటికి వేరే వడ్రంగులున్నారు. మావి సవారీ బళ్ళు, అందులోనూ పరుగు బళ్ళు. ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటుండదు. ఒక జత మైసూరు గిత్తల్ని కట్టి వదిలితే గుర్రపు జట్కా కూడా పక్కకి తప్పుకోవాల్సిందే. చెయ్యి వణకడం మొదలయ్యాక ఉలి పక్కన పెట్టి, దుకాణం మా తమ్ముడి కొడుకు బ్రహ్మానికి అప్పజెప్పాను. ఇప్పుడు దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, ఎవరూ అడగని సలహాలు చెబుతూ పొద్దుపుచ్చుతున్నాను.

మొన్న పెద్దాపురం వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చెప్పులు బయట విప్పి, తలపాగా సర్దుకుని, సగం కట్టిన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. చక్రం ఆకు మీద వేలి కణుపుతో కొట్టి చెవి దగ్గర పెట్టాడు. మనిషికి బండి తెలుసునని ఆ కొట్టడంలోనే నాకు అర్థమైంది.

"పరుగు బండి ఒకటి కావాలండి. తేలిగ్గా ఉండాలి" అన్నాడు.

"ఎవరికండీ, అబ్బాయి గారికా?" అన్నాడు బ్రహ్మం.

"నాకేనండి."

బ్రహ్మం నవ్వాడు. "ఈ వయసులో మీకవెందుకండీ బాబూ. మెత్తగా పరుపేసి గూడుబండి కట్టిస్తాను. హాయిగా పడుకుని వెళ్ళొచ్చు."

రైతు గుమ్మం వైపు తిరిగాడు. చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆయన వీధి మలుపు తిరక్కముందే పనివాళ్ళలో ఒకడు "ముసలోడికి దసరా పండగ" అన్నాడు. అందరూ నవ్వారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా బ్రహ్మాన్ని తిట్టలేకపోయాను. వాడు చేసిన పనే నేను అంతకంటే ఘోరంగా చేశాను. వాడు మొహం మీద నవ్వాడు, అంతే. నేను నవ్వకుండా, దండం పెట్టి మరీ చేశాను. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా కడుపులో ఉంది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకి అది చెప్పాలనే ఈ కాగితాలు. చక్రం ఎలా కట్టాలో ఇందులో ఉండదు. అది చేతులే నేర్చుకుంటాయి.

బండి పలకాలి

నాకు పని నేర్పింది మా మేనమామ పేరయ్య. చెడ్డ కోపిష్టి. తప్పు చేస్తే నోటితో చెప్పేవాడు కాదు, చేతిలో ఏ కర్ర ఉంటే దాంతోనే చెప్పేవాడు. కానీ చెవి మాత్రం దేవుడిచ్చిన చెవి. దారిన పోయే బండిని చూడకుండా, అది ఎవరు కట్టారో, ఏ కర్రతో కట్టారో, కందెన పెట్టి ఎన్నాళ్ళయిందో చెప్పేసేవాడు.

తెలియనివాళ్ళ కోసం ఒక్క ముక్క చెబుతాను. ఇరుసు చివర చక్రం ఊడిపోకుండా చీల కొడతాం. చక్రానికీ చీలకీ మధ్య కొంచెం సందు వదులుతాం. బండి పరుగెడుతుంటే చక్రం ఆ సందులో అటూ ఇటూ ఆడుతూ ఇరుసుని తాకుతుంది. తాకినప్పుడల్లా టక్కు టక్కుమని ఒక చప్పుడు వస్తుంది. దాన్నే మేం బండి పలకడం అంటాం. సందు ఎక్కువైతే గడగడమని గోలపెడుతుంది. తక్కువైతే మూగదైపోయి, ఎడ్ల ప్రాణం తీస్తుంది. ఎంత వదలాలన్నది కొలతకి దొరకదు, చెవికే దొరుకుతుంది.

పరుగు బండి ఉన్నవాడికి ఆ పలుకే సగం సుఖం. తన బండి పలుకు తనకి తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది, ఎదురొచ్చేవాళ్ళకీ తెలుస్తుంది. మా మేనమామ ఒక మాట అనేవాడు. "కట్టించుకునేవాడి చేతులు చూడరా, జుట్టు చూడకు. పగ్గం పట్టేది చేతులు." అప్పట్లో అది పనికొచ్చే మాటలా కనిపించలేదు. దెబ్బలు తగిలిన మాటలే గుర్తుండే వయసు అది.

చేపల సూరమ్మ, ఒక కుర్ర కామందు

గోదావరికి ఆనకట్ట వచ్చి, కాలవల కింద రెండు పంటలు పండటం మొదలయ్యాక డెల్టాలో చేతిలో డబ్బు ఆడింది. గట్ల మీద కొత్త రోడ్లు పడ్డాయి. పరుగు బళ్ళ మోజు అప్పుడే పట్టుకుంది. నేను చూసినవాళ్ళలో ఇద్దరి సంగతి చెప్పాలి.

ఒకడు మండపేట దగ్గర ఒక ఊరి కామందు గారి అబ్బాయి. పందొమ్మిదేళ్ళవాడు. వాడికి కట్టిన బండి ఏడాదిలో మూడుసార్లు మరమ్మత్తుకి వచ్చింది. ఒకసారి కాలవలో పడింది. ఒకసారి సంత మధ్యలోకి దూసుకెళ్ళి కుండలవాడి కుండలన్నీ పగలగొట్టింది. మూడోసారి గిత్త కాలు విరిగింది. వాళ్ళ నాన్నగారు నా దగ్గర ఆ సంగతి చెబుతూ మీసం దువ్వుకున్నారు. "మావాడు చురుకైనవాడు ఆచారీ, కుర్రతనం కదా" అన్నారు. కాలు విరిగిన గిత్త ఊసే ఎత్తలేదు.

రెండోది సూరమ్మ. కోరంగి వైపు పల్లె మనిషి, చేపల బేరం. ఏభై ఐదేళ్ళుంటాయి. చేప కుళ్ళకముందే రామచంద్రపురం చేరాలి కాబట్టి ఒంటెద్దు పరుగు బండి కట్టించుకుంది. తనే తోలేది. ఆవిణ్ణి చూసి ఎవరూ నవ్వలేదు, చేపల పని అంతే కదా అనేవారు. ఒకసారి చీల మార్చడానికి వస్తే నేనే అడిగాను. "వెళ్ళేటప్పుడంటే చేపలుంటాయి. వచ్చేటప్పుడు ఖాళీ బండిని కూడా అంత పరుగెత్తిస్తావంట, ఎందుకమ్మా?"

ఆవిడ చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "వెళ్ళేటప్పుడు చేపల కోసం బాబూ. వచ్చేటప్పుడు నా కోసం. ఈ మాట ఎవరితో అనకండి. పని కోసం పరుగెడితే కష్టపడుతుంది అంటారు. నా కోసం పరుగెడితే పిచ్చి ముండ అంటారు."

ఈ రెండు ముక్కల్లోనే లోకం తీరు ఉంది. కుర్రాడు గిత్త కాలు విరగ్గొడితే చురుకు. పెద్దావిడ ఒళ్ళు దగ్గర పెట్టుకుని తోలినా పిచ్చి. ఇరవైలో ఉన్నవాడికి ధైర్యం తప్ప ఏమీ ఉండదు, నాన్న డబ్బు ఉంటే తప్ప. నలభైలో చేతికి డబ్బు వస్తుంది, ఊపిరి తీసుకునే తీరిక ఉండదు. అరవైకి డబ్బూ తీరికా బుద్ధీ మూడూ ఒక్కచోట చేరి, ఇక బండి ఎక్కుదామనుకునేసరికి, ఇంటిల్లిపాదీ కలిసి కాళ్ళు పట్టుకుని కిందికి లాగుతారు. పైగా అది ప్రేమ అంటారు.

రత్తయ్య గారు

పెద్ద బజారులో రత్తయ్య గారి సుగంధ ద్రవ్యాల కొట్టు ఎరగనివాళ్ళు లేరు. పధ్నాలుగో ఏట గద్దె మీద కూర్చున్నాడు, అరవై రెండో ఏట దిగాడు. కొట్టు కొడుకు కోటయ్యకి అప్పజెప్పిన వారానికే నా దగ్గరికి వచ్చాడు.

"ఆచారీ, పరుగు బండి కట్టాలి. నాకోసమే. నవ్వితే ఇప్పుడే నవ్వెయ్, తర్వాత నవ్వకూడదు" అన్నాడు.

నేను నవ్వలేదు. ఆయన చేతులు చూశాను. నలభై ఎనిమిదేళ్ళు త్రాసు పట్టుకున్న చేతులు, గాలిలో నిలబెడితే కదలవు. పగ్గానికి అంతకంటే ఏం కావాలి.

ఆయన కోరిక చిన్నది. పద్దెనిమిదేళ్ళప్పుడు కోరుకొండ నరసింహస్వామి కల్యాణానికి, తీర్థంలో కొట్టు పెట్టడానికి, వాళ్ళ నాన్నగారి బరువు బండి మీద పప్పులూ బెల్లమూ వేసుకుని వెళ్ళాడు. దారి పొడుగునా పరుగు బళ్ళు మువ్వలు మోగించుకుంటూ దాటిపోయాయి. వాటి దుమ్ము నెత్తినా నోట్లోనూ పోసుకుంటూ చేరాడు. ఆ తర్వాత ఏటేటా అంతే.

"నలభై నాలుగు తీర్థాలోయ్. నలభై నాలుగుసార్లు ఊళ్ళోవాళ్ళందరి దుమ్మూ తిన్నాను. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఎవరి దుమ్మూ తినకుండా కొండ కిందికి చేరాలి. అంతే నాకు కావలసింది."

ఆ బండిని నేను మనసు పెట్టి కట్టాను. మైసూరు గిత్తల్ని ఆయనే తెచ్చుకున్నాడు. వాటికి జీలకర్ర, మిరియం అని పేర్లు పెట్టాడు. కొట్టు మానేసినా కొట్టు వాసన పోలేదని నేనంటే పగలబడి నవ్వాడు.

విజయదశమి రోజున బండికి పూజ చేయించి మొదటిసారి బయటికి తీశాడు. గట్టు మీద ధవళేశ్వరం దాకా వెళ్ళి వచ్చాడు. నేను దుకాణం ముందు నిలబడి విన్నాను. టక్కు టక్కు, టక్కు టక్కు. మా మేనమామ బతికి ఉంటే తలూపేవాడు. కొత్తవాడైనా రత్తయ్య గారు ఎద్దుల్ని కొట్టలేదు, అరవలేదు. త్రాసు ముల్లు చూసినట్టు చూసుకుంటూ పగ్గం సడలించాడు. తిరిగొచ్చి బండి మీద నుంచి ఒక్క గెంతు గెంతి దిగాడు. అరవై రెండేళ్ళ మనిషి.

దురదృష్టం ఏమిటంటే ఆ రోజు దసరా కావడం. "ముసలోడికి దసరా పండగ" అన్న సామెత ఊళ్ళోవాళ్ళ నోట్లో సిద్ధంగా ఉంది. దానికి కాళ్ళొచ్చి నిజంగానే దసరా రోజున ఎదురొచ్చేసరికి ఇక అడ్డేముంది. పెద్ద బజారు అంతా అదే మాట. కార్తీకం వచ్చినా, మార్గశిరం వచ్చినా ఆయనకి దసరా వదల్లేదు. ఆయన మాత్రం విన్నా విననట్టు రోజూ పొద్దున్నే గట్టు మీదికి వెళ్ళి వచ్చేవాడు. మనిషికి కొత్త రంగు వచ్చింది. నా దుకాణం ముందు నుంచి వెళ్తూ చెర్నాకోల పైకెత్తేవాడు. దాంతో ఎద్దుల్ని కొట్టగా నేను చూడలేదు, నాకు చూపించడానికే వాడేవాడు.

మంచికే

పుష్యమాసంలో కోటయ్య వచ్చాడు. మర్యాద తెలిసిన మనిషి. బల్ల మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఆచారి గారూ, మా నాన్నగారి సంగతి మీతో మాట్లాడాలండి. కొట్లో తలెత్తుకోలేకపోతున్నాను. మొన్న ఒకాయన ధనియాలు కొంటూ, మీ నాన్నగారికి దసరా ఇంకా అయిపోలేదా అని అడిగాడండి."

"మీరేమన్నారు?"

"ఏమంటానండీ. అది పోనివ్వండి, పరువు సంగతి కాదు. ఆ వయసులో పడితే ఎముక అతుకుతుందా? చెబితే వినరు. మీరే ఏదో ఒకటి చెయ్యాలి. బండి కొంచెం నెమ్మదించేలా. ఆయనకి తెలియక్కర్లేదు. ఆయన మంచికేనండి."

నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో ఇప్పటికీ తెలియదు. కాదు, తెలుసు. దాచడం ఎందుకు. కోటయ్య రేపటి ఆసామి. పెద్దాయన ఎన్నాళ్ళుంటాడు, ఈయనతోనే కదా నాకు పని అనుకున్నాను. పైగా ఒక పెద్దింటివాడు వచ్చి నిలబడి అడిగితే ఉబ్బిపోయాను. ఆ పైన 'మంచికే' అన్న మాట ఒకటి. ఆ మాట అడ్డం పెట్టుకుని ఎంత చెడ్డ పనైనా చెయ్యొచ్చు, రాత్రి నిద్ర కూడా పడుతుంది. కుర్ర కామందు గిత్త కాలు విరగ్గొట్టినప్పుడు వాడి మంచి ఎవడూ తలచుకోలేదు.

కందెన పెట్టించడానికి రత్తయ్య గారు బండిని పంపినప్పుడు పని కానిచ్చాను. మందమైన పచ్చి తోలుని గుండ్రంగా, మధ్యలో బెజ్జం పెట్టి కోశాను. రెండు బిళ్ళలు. చక్రానికీ చీలకీ మధ్య ఉన్న సందులో చెరొకటి దూర్చి చీల బిగించాను. పైకి ఏమీ కనబడదు. చక్రం తోలుకి ఒరుసుకుంటూ తిరుగుతుంది. బండి బరువెక్కుతుంది, పలుకు చచ్చిపోతుంది. పలకడానికని నేనే వదిలిన సందులో, నోట్లో గుడ్డ కుక్కినట్టు, నేనే తోలు కుక్కాను.

చెవులన్నమాట

మాఘమాసంలో ఒక మధ్యాహ్నం రత్తయ్య గారు వచ్చాడు. బండి మీద కాదు, నడిచి వచ్చాడు. బల్ల మీద కూర్చున్నాడు. నా పని చూశాడు.

"ఆచారీ, ఒకటడుగుతాను. మొహమాటపడకుండా చెప్పు."

"అడగండి."

"బండి పలకట్లేదేంటి?"

నేను తలెత్తలేదు. చేతిలో ఉన్న కర్రని చెక్కుతూనే ఉన్నాను. "పలుకుతూనే ఉందండి."

"పలుకుతోందా? నువ్వు విన్నావా?"

"ఆయ్. నిన్న పొద్దున్న కూడా విన్నానండి."

ఆయన తన కుడి చెవి వేలితో రుద్దుకున్నాడు. "అయితే చెవులన్నమాట" అన్నాడు. మళ్ళీ, "ధవళేశ్వరం చేరేసరికి జీలకర్ర నురగలు కక్కుతోంది. ఇదివరకు చెమట కూడా పట్టేది కాదు" అన్నాడు.

"ఎండలు ముదురుతున్నాయి కదండీ."

"మాఘమాసంలోనా?" అని నా మొహంలోకి చూశాడు. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఒక్క మాట చాలు. ఆ మాట నేను చెప్పలేదు, దాని బదులు ఆయనే ఒక మాట చెప్పుకున్నాడు. "ఎండ కాదులే. పగ్గం పట్టిన చేతి వయసు ఎద్దుకి తెలిసిపోద్దంటారు బండివాళ్ళు. నా చెయ్యి సంగతి వాటికి తెలిసిపోయింది. నాకే ఆలస్యంగా తెలిసింది."

లేచి వెళ్ళిపోయాడు. ఆ నమ్మకం బండివాళ్ళలో నిజంగానే ఉంది. నేనే ఎన్నోసార్లు సరదాకి అన్నాను. నేనూ కోటయ్యా కలిసి చేసిన మోసానికి ఆ మూగజీవాల చేత సాక్ష్యం చెప్పించాం. అవి ఊపిరాడక నురగలు కక్కితే, ఆయన దాన్ని తన ముసలితనం అనుకున్నాడు.

ఆ రోజు తర్వాత ఆయన బండి ఎక్కలేదు. ఫాల్గుణంలో కోరుకొండ తీర్థం వచ్చింది. దానికి మూడు రోజుల ముందు కోటయ్య బండి తోలుకుని వచ్చాడు.

"ఆచారి గారూ, ఆ తోలు తీసేయండి."

"పెద్దాయన మళ్ళీ తోలుతున్నారా?" అన్నాను. చీల పీకడానికి అప్పుడే లేచాను.

"నాన్నగారెక్కడండీ, ఆయన మానేశారుగా. నేనే తోలుతాను. గిత్తలు ఊరికే పడున్నాయి, తీర్థానికి పనికొస్తాయి."

"పడితే?" అన్నాను.

ఆయనకి నా మాట అర్థం కాలేదు. "నాకేం వయసండీ, ముప్ఫై నాలుగు" అన్నాడు.

అంతకుముందు ఆయన పగ్గం పట్టిన మనిషి కాదు. ముప్ఫై నాలుగు అన్న ఒక్క మాటే ఆయన నేర్చుకున్న విద్య. ఆ క్షణంలో సుత్తి తీసుకుని ఆ బండి చక్రాలు నేనే విరగ్గొట్టి ఉండాల్సింది. నేనేం చేశానో తెలుసా? తోలు తీశాను, కొత్త కందెన పెట్టాను, నమస్కారం కూడా పెట్టాను. చేసిన మేలల్లా ఆ రెండు బిళ్ళల్నీ పారెయ్యకుండా దుకాణంలో మేకుకి తగిలించడం.

రెండేళ్ళ తర్వాత

రెండేళ్ళు ఆ మేకు వైపు చూడకుండా పనిచేశాను. తర్వాత ఒక మాఘమాసంలో, ఒక పెళ్ళిలో రత్తయ్య గారిని చూశాను. ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని పీట మీద కూర్చోబెడుతున్నారు. బండి మీద నుంచి గెంతిన మనిషి. నన్ను చూసి రమ్మని సైగ చేశాడు.

"ముసలితనం మెల్లమెల్లగా వస్తుందంటారు చూడు, అబద్ధంరా ఆచారీ. నాకు ఒక్క మాఘమాసంలో వచ్చేసింది. ఆ తీర్థానికి మావాడు బండి తోలుకుని వెళ్తుంటే అరుగు మీద కూర్చుని విన్నాను. వాడి చేతిలో ఎంత బాగా పలికిందనుకున్నావు. నా చెవులు బాగానే ఉన్నాయి. నా చేతిలోనే పలకలేదు, అంతే."

భోజనానికి ఆగకుండా వచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆ బిళ్ళలు రెండూ కండువాలో కట్టుకుని ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద ఆయన ముందు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొడుకు అడిగాడని చెప్పాను, అడిగితే చేసింది నేనని కూడా చెప్పాను.

ఆయన ఒక బిళ్ళ తీసి చూపుడు వేలికి తొడిగి తిప్పాడు. తోలు ఎండి గట్టిపడి ఉంది. "ఇదా" అన్నాడు. బిళ్ళని అరచేతిలో పెట్టుకుని అడిగాడు. "అయితే నాకు ముసలితనం రాలేదా?"

"లేదండి. నేను తెచ్చి పెట్టాను."

"నువ్వొక అబద్ధం ఆడావు ఆచారీ. నా చెవులు నమ్మాయి. చేతులు నమ్మాయి. నువ్వు పెట్టింది చక్రంలోనే కానీ, మోకాళ్ళు కూడా నమ్మి బిగుసుకుపోయాయి. రెండేళ్ళు. ఆ రెండేళ్ళూ నా దగ్గర ఎన్నున్నాయని తీసుకున్నారు మీరిద్దరూ?"

కోటయ్య లోపలి నుంచి వచ్చాడు. బిళ్ళలు చూడగానే గుమ్మంలోనే ఆగిపోయాడు. "నాన్నగారూ, మీ మంచికే..."

"నా మంచి సంగతి నన్నడగాలని మీ ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదేంట్రా?"

పెద్దాయన అరుగు పట్టుకుని లేవబోయాడు. నేను చెయ్యి అందించబోతే కొట్టి పక్కకి నెట్టాడు. తనే లేచాడు. చాలాసేపు పట్టింది. "వచ్చే తీర్థానికి బండి నేను తోలుతాను. ఆచారీ, నువ్వు నా పక్కన కూర్చుంటావు. దుమ్ము తినాల్సి వస్తే నువ్వూ తినాలి" అన్నాడు.

కోరుకొండ దారి

నెల రోజులు గట్టు మీద తోలి చెయ్యి మళ్ళీ కుదుర్చుకున్నాడు. ఫాల్గుణంలో తీర్థం రోజు పొద్దున్నే బయల్దేరాం. ఆయన పగ్గం పట్టాడు, నేను పక్కన కూర్చున్నాను. ఊరు దాటేదాకా బండిని నడకలోనే ఉంచాడు. ఊరు దాటాక పగ్గం వేలంత సడలించాడు. అంతే, జీలకర్రా మిరియమూ చెవులు నిక్కబొడుచుకుని అందుకున్నాయి. బండి పలికింది. ఆయన నా వైపు చూడలేదు గానీ, చెవి చక్రం వైపు వంచాడు.

ఒక్కో బండినీ దాటుకుంటూ వెళ్ళాం. గూడుబళ్ళు, బరువు బళ్ళు, రెండు జట్కాలు, మువ్వలు కట్టిన పరుగు బళ్ళు కూడా. ఒక బండిలో నుంచి ఎవరో "రత్తయ్య గారేనంటావా?" అనడం వినబడింది. ఆయన చెర్నాకోల పైకెత్తి చూపించాడు. అప్పటికి ఇరవై ఏళ్ళకి పైగా బళ్ళు కట్టినవాణ్ణి, బండి ఎక్కితే ఏముంటుందో ఆ రోజే తెలిసింది నాకు. దానికి వయసుతో పనేమిటో చెప్పగలిగినవాడు నా ముందుకి రావాలి.

కొండ కనబడే చోట ఆయన మణికట్టు అలిసింది. పగ్గం జారకుండా రెండు చుట్లు చేతికి చుట్టుకున్నాడు. గిత్తలు కూడా రెండేళ్ళు పెద్దవయ్యాయి. అప్పుడు వెనక నుంచి ఒక బండి వచ్చి దాటింది. ఇంకో ఫర్లాంగు పోయాక మరొకటి దాటింది. చెర్నాకోల ఒడిలోనే ఉంది. ఒక్క దెబ్బ వేస్తే గిత్తలు అందుకునేవేమో, ఆయన వెయ్యలేదు.

కొండ కింద బండి ఆపాడు. ఈసారి నా భుజం పట్టుకుని దిగాడు. కండువాతో మొహం తుడుచుకుని కండువా నాకు చూపించాడు. ఎర్రటి దుమ్ము.

"ఇద్దరి దుమ్ము తిన్నానోయ్. ఆ రెండేళ్ళూ మీరు తీసుకోకపోతే ఒక్కడి దుమ్మూ తినేవాణ్ణి కాదు."

ఆ రెండు బళ్ళూ దాటినప్పుడు దుమ్ముకి కళ్ళు మూసుకున్నాను గానీ, చెవులు మూసుకోలేకపోయాను. రెండూ నేను కట్టినవే. బాగా పలుకుతున్నాయి.